దివంగత సభ్యుల పుట

ఒరికాసా షిగెతాకే మాస్టారు మరణించారన్న సంగతి స్వయంగా ఆయనకే డిసెంబరు నెలాఖరున, ఉదయపు తేనీరు తాగుతూ ఉండగా తెలిసింది. తెలిపినది తీరప్రాంత స్థానిక చరిత్ర సంఘం వారి వెబ్‌సైటు. అందులో 'దివంగత సభ్యులు' అన్న శీర్షిక కింద, నల్లని గీతకు దిగువన, ఆయన పేరు, ఆయన ప్రకటించిన వ్యాసాల పట్టిక, ఏనాటిదో ఒక క్షేత్ర పర్యటనలో ఎవరో దూరం నుంచి తీయగా ముఖం సగమే పడిన ఫొటో ఉన్నాయి. వ్యాసాల పట్టికలో ఒకదాని ప్రచురణ సంవత్సరం తప్పుగా వేశారు. ఆయన మొట్టమొదట గమనించినది ఆ తప్పునే.

తేనీరు పూర్తి చేసి, గిన్నె కడిగి బోర్లించి, తిరిగి వచ్చి కూర్చుని ఆ పుటను తుదివరకూ చదివారు. కోపం రావలసిన సందర్భమని ఆయనకు తెలుసు. రాలేదు. నవంబరు నడిమి నుంచి ఆయనకు ఏదీ రావడం లేదు. ఆకలి వేళకు రాదు, నిద్ర వేళకు రాదు, కన్నీరు అసలే రాలేదు. భార్య తాజుకో పోయిన నాటి నుంచి ఆయన వేళకు లేచి, వేళకు బియ్యం కడిగి, వేళకు దీపం ఆర్పి, ఎవరో అప్పగించిన ఇంటికి కాపలా ఉన్నట్టుగా తన ఇంట్లో తాను మసలుతున్నారు.

పొరపాటు ఎక్కడ పుట్టిందో ఊహించడం ఆయనకు కష్టం కాలేదు. మరణం సంభవించిన ఇంటివారు ఆ ఏడు నూతన సంవత్సరపు కార్డులు పంపరు, పుచ్చుకోరు. ఆ సంగతి ముందుగానే బూడిదరంగు అంచు కార్డు మీద అచ్చు వేయించి బంధుమిత్రులకు తెలియజేస్తారు. మాస్టారు కూడా ఆ మర్యాద తప్పకుండా అచ్చాఫీసుకు వెళ్ళారు. నమూనా కార్డులో పోయినవారి పేరుకు, వయస్సుకు, తేదీకి ఖాళీలు వదిలి ఉన్నాయి. ఆయన కలం పట్టుకుని ఆ ఖాళీల ముందు చాలాసేపు కూర్చున్నారు. చివరకు వాటన్నింటినీ కొట్టివేసి, "మా ఇంట మరణం సంభవించినందున నూతన సంవత్సర శుభాకాంక్షలు తెలుపుకొనలేకపోతున్నాము. ఇట్లు, ఒరికాసా కుటుంబం" అని మాత్రం రాసి ఇచ్చారు.

"పోయిందెవరో వెయ్యరా మాస్టారూ? మామూలుగా అందరూ వేయిస్తారండీ," అన్నాడు అచ్చాఫీసు యజమాని.

"అవసరం లేదు. తెలియవలసిన వారికి తెలుసును."

తెలియవలసిన వారికి తెలియదు. అంత్యక్రియలు దగ్గరి చుట్టాల నడుమనే జరిగాయి. సంఘ సభ్యులు జిల్లాలోని పది ఊళ్ళలో చెదిరి ఉన్నారు. కార్యదర్శి నెబాషి జిల్లా కేంద్రంలో ఉంటాడు. ఒరికాసా వారింట అతడు ఎరిగిన సభ్యుడు ఒక్కడే, ఆ సభ్యుడు డిసెంబరు సమావేశానికి రాలేదు, ఇంటి ఫోను ఎత్తలేదు. చావు జరిగిన ఇంటికి మళ్ళీ ఫోను చేసి, పోయినది ఎవరండీ అని అడగడం మర్యాద కాదు. మర్యాదస్థుడు గనుక నెబాషి అడగలేదు. తన ఊహే సత్యమనుకొని, మిక్కిలి చింతించి, ఆ పుట తయారు చేశాడు.

నిజానికి ఆ వెబ్‌సైటులో మాస్టారి పేరు కనిపించడం అదే మొదలు. సంఘం వారు దానిని ప్రారంభించినప్పుడు సభ్యులకు తలా ఒక పుట కేటాయించారు. ఫొటో, పరిచయం, వ్యాసాలు అందులో పెడితే విశ్వవిద్యాలయాల వారికి, పత్రికల వారికి ఊరూరి చరిత్రకారుల ఉనికి తెలుస్తుందనీ, ఒకరి పని ఒకరికి అందుతుందనీ నెబాషి ప్రతి సమావేశంలోనూ బతిమాలేవాడు. మాస్టారు ససేమిరా అన్నారు. ఉన్నత పాఠశాలలో జీవితకాలం చరిత్ర బోధించిన తాను, కూరగాయల కొట్టులో ముల్లంగిలాగ వరసలో నిలబడనన్నారు.

"చరిత్రకారుడిలో చూడవలసింది పుట అడుగున రాసే అధోజ్ఞాపికలు. ముఖం కాదు," అని ఆయన ఇంట్లో అన్నప్పుడు తాజుకో నవ్వింది.

"ఆ అధోజ్ఞాపికలు చూడ్డానికి ఈ మంచులో మనింటిదాకా ఎవరొస్తారండీ?"

"అవసరం ఉన్నవాళ్ళు వస్తారు."

"వచ్చాడుగా మొన్న, కరెంటు మీటరాయన. కూర్చోబెట్టి మీ రేవు చరిత్ర చెప్పకపోయారా?"

అలా ఎగతాళి చేస్తూనే ఆమె తనకొక ట్యాబ్ కొనుక్కుని, సంఘానికి తన మెయిలు చిరునామా ఇచ్చి, భర్త తరఫున ఉత్తరప్రత్యుత్తరాలు తానే నడిపింది. ఆయన చెప్పేది పొడిపొడి మాటలు. ఆమె పంపేది మాత్రం నిండైన మెయిలు. మొదట సముద్రం ఆ రోజు ఎలా ఉందో చెప్పేది, చివర భర్త మీద ఒక చురక వేసేది. సంఘంలో సగం మందికి మాస్టారి కంటే ఆమె మెయిళ్ళే ఎక్కువ పరిచయం.

కనుకనే సంతాప సందేశాలన్నీ ఆమె చిరునామాకు వచ్చాయి.

కొత్త సంవత్సరం పండుగ దాటిన తరువాత అవి వరుసగా రాసాగాయి. "తాజుకో గారూ, ఈ చలిలో ఒంటరిగా ఎలా ఉంటున్నారో," అని ఒకరు. "వంట మానకండి, ఒక్కరికే కదా అని ఊరుకోకండి," అని మరొకరు. ఎన్నడూ చూడని ఒక విశ్వవిద్యాలయపు ఆచార్యురాలు, నెబాషి పెట్టిన పుట ద్వారా మాస్టారి వ్యాసాలు చదివాననీ, ఇంత కాలం ఇవి కంటపడనందుకు సిగ్గుపడుతున్నాననీ, వాటిని తన గ్రంథంలో ఉదాహరించడానికి తాజుకో అనుమతి కావాలనీ రాసింది.

అన్నింటికంటే ఆశ్చర్యకరమైనది కమెగాయా సోకిచి నివాళి. కమెగాయా మాస్టారికి చిన్ననాటి సహాధ్యాయి, మాస్టారు ఉండే నదాహామా రేవులోనే మందుల షాపు నడిపి, దానిని మూసివేసి, కూతురి దగ్గర జిల్లా కేంద్రంలో స్థిరపడ్డవాడు. పాత ఓడల కాలంలో రేవుకు వచ్చీపోయే నావలను కనిపెట్టి చూసే కావలి ఇల్లు, సముద్రంలోకి పొడుచుకువచ్చిన తూర్పు కొమ్ము మీద ఉండేదని మాస్టారి సిద్ధాంతం. కాదు, ఏరు సముద్రంలో కలిసే ఏటి మొగ దగ్గర ఉండేదని కమెగాయా వాదం. గడ్డి టోపీ పెట్టుకున్న కమెగాయా ఫొటో సంఘం వెబ్‌సైటులో చూసి టీవీ వారు అతనినే పిలిచారు. అతని మాట మీదనే పురపాలక సంఘం ఏటి మొగ దగ్గర బోర్డు కూడా పాతింది. ఆ కమెగాయా ఇప్పుడు దివంగతుల పుటలో ఇలా రాశాడు: "తూర్పు కొమ్ము మీది పునాదిరాళ్ళ విషయంలో ఒరికాసా చెప్పినదే నిజం. ఆ సంగతి నాకు చాలాకాలంగా తెలుసు. వాడు బతికి ఉండగా ఒప్పుకుంటే వాడి పొగరు పట్టలేమని ఊరుకున్నాను. ఇక పట్టవలసిన పని లేదు గనుక చెబుతున్నాను."

ఈ వాక్యాల కోసం మాస్టారు ఎన్నేళ్ళు ఎదురుచూశారో చెప్పలేము. రెండు మార్లు చదివారు. ఎవరో పరాయివాని వ్యాజ్యంలో తీర్పు చదివినట్టుగా ఉంది.

సవరించడానికి ఒక్క వాక్యం చాలు. పోయినది నేను కాదు, నా భార్య అని రాస్తే సరిపోతుంది. ఆయన ఆ వాక్యం రాయడానికి ట్యాబ్ తెరిచిన మాట నిజమే. కాని తెరిచినప్పుడల్లా మరొక సందేశం వచ్చి ఉండేది: "తాజుకో గారూ, మోకాలి నొప్పి తగ్గిందా?" ఆ సందేశాలు పంపిన వారందరి మనస్సులలో తాజుకో ఈ ఇంట్లోనే తిరుగుతున్నది, నీళ్ళు కాస్తున్నది, చలికి శాలువా కప్పుకుంటున్నది. ఆయన ఆ వాక్యం రాసిన మరుక్షణం అంతమంది దగ్గర ఆమె ఒక్కసారిగా చచ్చిపోతుంది. బతికి ఉన్నదని ఇంకా ఎవరైనా నమ్ముతున్న చోటు లోకంలో అదొక్కటే. దానిని తన చేతులతో మూసివేయడానికి ఆయనకు చెయ్యి ఆడలేదు.

జనవరిలో ఒకనాడు నెబాషి మళ్ళీ రాశాడు. "తాజుకో గారూ, మీ దగ్గర్నుంచి ఒక్క ముక్క కూడా లేదు. బెంగగా ఉంది. బాగానే ఉన్నానని ఒక్క మాట రాయండి చాలు." మాస్టారు ఒంటివేలితో, చాలా నెమ్మదిగా టైపు చేశారు: "ఇవాళ సముద్రం బూడిదరంగులో ఉంది, పక్షులు కూడా బయటికి రాలేదు. నేను బాగానే ఉన్నాను. మీరు పెట్టిన పట్టికలో ఒక సంవత్సరం తప్పు పడింది. ఆయనైతే ఈపాటికి లేచి కూర్చునేవారు."

పంపిన తరువాత చదువుకుంటే అది అచ్చంగా ఆమె రాసినట్టే ఉంది. తాను చేసినది తప్పని ఆయనకు తెలుసు. విద్యార్థి ఎవడైనా ఇటువంటి పని చేసి ఉంటే బడి నుంచి పంపించి ఉండేవారు. తెలియడం వరకే జరిగింది. తెలిసినది ఎక్కడా తగలలేదు. సాయంత్రానికి జవాబు వచ్చింది. "ఎప్పటి తాజుకో గారే! సంవత్సరం దిద్దేశాను. మాస్టారు పైనుంచి చూసి ఎర్రసిరా కలం కింద పెట్టి ఉంటారు." మర్నాడు ఆయన మరొకటి రాశారు, ఆ వారంలో ఇంకొకటి. ఉదయం లేవగానే కిటికీ తీసి సముద్రం వైపు చూడడం అలవాటయింది, రాయడానికి ఏదైనా కావాలి కదా.

ఫిబ్రవరి మొదటివారంలో నెబాషి నుంచి వచ్చిన మెయిలు వేరు. మాస్టారి స్మారక సంచిక అచ్చయిందనీ, దానిని ఆయన పటం ముందు పెట్టి అగరువత్తి వెలిగించడానికి తానూ కమెగాయా కలిసి వస్తున్నామనీ, వీలైతే మాస్టారి గురించి ఆమె నోట నాలుగు మాటలు వీడియో తీసి పుటలో పెడతామనీ, ఆదివారం మధ్యాహ్నపు బస్సుకు రావచ్చునా అనీ అడిగాడు.

మాస్టారు మొదట ఒంట్లో బాగాలేదని టైపు చేశారు. చెరిపివేశారు. చెల్లెలి ఊరు వెళుతున్నానని టైపు చేశారు. అదీ చెరిపివేశారు. ఆమె వస్తానన్న మనిషిని ఎన్నడూ వద్దనలేదు. అలా వద్దనే తాజుకోను రాయడం ఆయనకు చేతకాలేదు. ఆఖరుకు "రండి" అని ఒక్క మాట పంపించి, ట్యాబ్ మూసివేసి, ఆదివారం వరకూ దానిని తెరవలేదు.

ఆ రోజు మంచు సన్నగా పడుతూ ఉంది. గుమ్మం తలుపు పక్కకు జరిపింది మాస్టారే.

బయట నెబాషి నల్లకోటుతో, చేతిలో అగరువత్తుల పెట్టెతో, తల వంచి, సిద్ధం చేసుకున్న మాట ప్రారంభించాడు. "తాజుకో గారూ, ఇంత ఆలస్యంగా..." తల ఎత్తాడు. అంతటితో మాట నిలిచిపోయింది. వెనకనున్న కమెగాయా గొడుగు వదిలివేశాడు.

"ఒరేయ్ షిగే!"

"లోపలికి రండి. చలిగా ఉంది," అన్నారు మాస్టారు.

"చలిగా ఉందా? నీకు చలేమిట్రా, దొంగ పీనుగా! నువ్వు చచ్చావు. నేను ఏడ్చాను. మా అమ్మాయి చూసింది నేనేడవడం!"

"కమెగాయా గారూ, కాస్త ఆగండి," అంటూ నెబాషి మెట్టు మీదనే మోకాళ్ళ మీద కూలబడి నేలకు నుదురు ఆనించాడు. "పొరపాటు నాది మాస్టారూ. కార్డు చూసి నేనే అనుకున్నాను. ఎవర్నీ అడగలేదు. మీరు బతికుండగానే మిమ్మల్ని... నేను రాజీనామా చేస్తాను."

"లేవండి నెబాషి గారూ. తడి అవుతారు."

"వాణ్ణి లేపడం తర్వాత సంగతి," అన్నాడు కమెగాయా బూట్లు విదిలిస్తూ. "నేను రాసిందంతా వెనక్కి తీసుకుంటున్నాను. అక్షరం అక్షరం. కావలి ఇల్లు ఏటి మొగ దగ్గరే ఉంది."

"అది సంచికలో అచ్చయిపోయిందండీ," అన్నాడు నెబాషి నేల మీది నుంచి.

"అచ్చయి ఏడ్చింది! ముందు చెల్లెమ్మని పిలు. మొగుడు బతికుండగా మెయిళ్ళు రాసి మమ్మల్ని వెర్రివాళ్ళని చేస్తుందా? నాలుగు చీవాట్లు పెట్టి, ఆ తర్వాత ఆవిడ చేతి టీ తాగుతాను. చెల్లెమ్మా! ఓ తాజుకో చెల్లెమ్మా!"

ఆ పిలుపు నడవ దాటి, వంటింటి వరకూ వెళ్ళి, ఎవరూ అందుకోక ఆగిపోయింది. మాస్టారు ముందు నడిచారు. వారు వెంట వచ్చారు. లోపలి గదిలో ఇంటి బుద్ధపీఠం తలుపులు తెరిచి ఉన్నాయి. ముందు ఒక చిన్నగిన్నెలో అన్నం, పక్కన రెండు నారింజలు. నడుమ పటంలో తాజుకో, ఫొటో తీస్తున్నవారిని ఏదో అనబోతున్నట్టు నవ్వుతూ ఉంది.

కమెగాయా టోపీ తీసివేసి నెమ్మదిగా కూర్చున్నాడు. నెబాషి తాను తెచ్చిన అగరువత్తుల పెట్టెను ఎక్కడ ఉంచాలో తెలియనట్టు ఒడిలోనే పెట్టుకున్నాడు.

"మరి, జనవరిలో సముద్రం గురించి రాసింది?" అని అడిగాడు.

"నేను."

"పక్షులు బయటికి రాలేదని?"

"అదీ నేనే. క్షమాపణ చెప్పుకోవలసినది నేను, మీరు కాదు."

నెబాషి అగరువత్తి వెలిగించాడు. గంట చిన్నగా మోగించి, చేతులు జోడించాడు. కమెగాయా కూడా అలాగే చేశాడు. ఆ తరువాత నెబాషి, ఏదో ఒక పని చేయనిదే నిలువలేనివాడిలాగ, జేబులో నుంచి ఫోను తీశాడు.

"ముందు ఆ పుట సరిచేస్తాను మాస్టారూ. ఇదిగో, మీ పేరు సభ్యుల వరసలోకి మార్చేశాను. అయిపోయింది. మీరు బతికినట్టే." అని, పటం వైపు చూసి, "తాజుకో గారి పేరు..." అన్నాడు.

"ఆమె సభ్యురాలు కాదు. దివంగతుల పుట సభ్యులకు మాత్రమే. ఆ నియమం నేనే రాశాను."

"నియమం నీ తలకాయ," అన్నాడు కమెగాయా. "ఈ సంఘంలో ఉత్తరాలకి జవాబిచ్చిన ఏకైక మనిషి ఆవిడ."

"నియమం నియమమే."

"పోనీ, సవరణ ప్రకటన వెయ్యచ్చు కదండీ," అన్నాడు నెబాషి. "తప్పు వేశాం కాబట్టి, ఒప్పేమిటో వేసి తీరాలి. దానికి నియమం అడ్డురాదు. మీరు చెప్పండి, నేను టైపు చేస్తాను."

మాస్టారు వీపు నిటారుగా పెట్టి కూర్చున్నారు. తరగతిలో నోట్సు చెప్పేటప్పుడు ఆయన ఎప్పుడూ అలాగే కూర్చునేవారు. ఇక ఈ గదిలోని వారిద్దరికీ ఆమె లేదు. బస్సు దిగే వరకూ ఉన్నది, ఇప్పుడు లేదు. ఈ ప్రకటన చూసిన వారికి కూడా ఒక్కొక్కరికే లేకుండా పోతుంది. దానిని ఇక ఆపలేమని ఆయనకు అర్థమైంది. అర్థమైనా లోపల ఏమీ కదలలేదు.

"రాయండి," అన్నారు. "గత డిసెంబరులో ఈ పుటలో ప్రకటించిన వార్త పొరపాటు. ఒరికాసా వారింట మరణించినది..."

కమెగాయా ఆయన వైపు చూడకుండా బయట పడుతున్న మంచును చూశాడు.

"మరణించినది, సభ్యుడు షిగెతాకే భార్య, తాజుకో."

నెబాషి వేలు తెర మీద కదలి, నిలిచింది. "తేదీ ఏమని వెయ్యమంటారు మాస్టారూ?"

"నవంబరు పదహారు."

నెబాషి చదివి వినిపించాడు. మాస్టారు విని, తల ఊపారు. "పంపించండి," అన్నారు. నెబాషి నొక్కాడు. గదిలో ఏ మార్పూ రాలేదు. అగరుపొగ సన్నగా పైకి లేస్తూనే ఉంది.

"ఎలా జరిగిందిరా?" అని అడిగాడు కమెగాయా. ఈమారు అతని గొంతులో తిట్టు లేదు.

ఆ ప్రశ్న వైద్యుడు అడిగాడు, పోలీసు అడిగాడు. ఇద్దరూ కాగితం నింపుకోవడానికి అడిగి, నింపుకొని వెళ్ళారు. తెలుసుకోవడానికి అడిగినవారు వేరెవరూ లేరు.

"స్నానానికి వెళ్ళింది," అన్నారు మాస్టారు. "రాత్రి భోజనం ముందరే. చేపలు పొయ్యి మీద పెట్టి, చిన్న మంట చేసి వెళ్ళింది. 'ఇవాళ నీళ్ళు కాస్త ఎక్కువ కాగాయండీ' అంది లోపల్నుంచి."

"నువ్వేమన్నావు?"

"సరే అన్నాను."

"సరే అన్నావా?"

"సరే అన్నాను. అంతకంటే అనడానికి ఏముంది, సోకిచీ? నీళ్ళు కాగాయంటే ఎవరైనా ఏమంటారు?"

ఆయన కమెగాయాను పేరు పెట్టి పిలిచి ఎన్నో ఏళ్ళయింది. నెబాషి ఫోను నేల మీద బోర్లించి పెట్టాడు. కమెగాయా మోకాళ్ళ మీద కొద్దిగా ముందుకు జరిగాడు.

"తర్వాత?"

"తర్వాత ఇంట్లో ఏ చప్పుడూ లేదు," అని మాస్టారు చెప్పడం మొదలుపెట్టారు.